పందెం డబ్బు కాదు, డేర్ చీటీ: పెద్దవాళ్ల బ్లఫ్ పేకాటకు నియమాలు

బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఒక ఫ్లాట్‌లో శనివారం రాత్రి ఐదారుగురు చేరితే రమ్మీ సాగదు. ఒకరికి రాదు, ఇంకొకరికి వచ్చినా అంత ఓపిక ఉండదు. అబద్ధం చెప్పి నమ్మించే బ్లఫ్ ఆటలకు ఆ ఇబ్బంది లేదు. ఐదు నిమిషాల్లో నేర్పేయొచ్చు. పైగా గెలుపోటములు చేతిలో ముక్కల మీద కంటే ఎదుటివాళ్ల మొహాల మీద ఎక్కువ ఆధారపడతాయి. వీటికి డేర్ చీటీలు, అంటే ఓడినవాళ్లు చేయాల్సిన పని రాసిన చీటీలు, కలపడం మామూలే. ఆట సగంలో చప్పబడిపోయేది కూడా సరిగ్గా అక్కడే.

డేర్ ఎంత భయపెడితే జనం అంత తక్కువ అబద్ధం చెబుతారు. ఓడితే పాత ప్రేమికుడికి ఫోన్ చేయాలని పెట్టారనుకోండి, ఆ క్షణం నుంచి అందరూ ఉన్న ముక్కలే వేస్తారు, ఎవరూ ఎవర్నీ పట్టుకోరు, పాస్ పాస్ అంటూ గంట గడిచిపోతుంది. అబద్ధాలు లేకపోతే బ్లఫ్‌లో ఆడటానికి ఇంకేమీ మిగలదు. కాబట్టి డేర్ చిన్నదిగా ఉండాలి, తరచుగా రావాలి, కష్టమైనది మాత్రం ఓడినవాళ్లు కావాలని ఎంచుకుంటేనే రావాలి. కింది నియమాలన్నీ ఈ లెక్క మీద కూర్చినవే. ఇవి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి మాత్రమే. పిల్లలు మెలకువగా ఉన్న ఇంట్లో చీటీలు తీయకండి, ఉత్త ఆట ఆడుకోండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

నలుగురైదుగురు బ్లఫ్ ఆడటానికి ఒక కట్ట చాలు. ఆరుగురైనా, కింద చెప్పే దాటింపు ఆడాలన్నా రెండు కట్టలు కావాలి. ఆ రెండు కట్టల వీపులు ఒకే రంగు, ఒకే డిజైన్ ఉండి తీరాలి. ఎరుపొకటి, నీలమొకటి కలిపితే ఏమవుతుందో చూడండి: ఎర్ర వీపు రాణులు నాలుగూ మీ చేతిలోనే ఉన్నాయి, ఎవరో ఎర్ర వీపు ముక్క బోర్లా వేసి "ఒక రాణి" అన్నారు. ఇక మీరు ఆలోచించాల్సిన పనే లేదు, వాళ్లు దొరికిపోయినట్టే. ఆటలో అనుమానానికి చోటుండదు.

ముక్కల సైజు కూడా చూసుకోండి. పోకర్ సైజు ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ సైజుది దాదాపు 57. చేతిలో పదిహేడు ముక్కలు విసనకర్రలా పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఆరు మిల్లీమీటర్ల తేడా బాగా తెలుస్తుంది. ప్లాస్టిక్ ముక్కలు దొరికితే అవే తీసుకోండి. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో కాగితం ముక్కని ముట్టుకుంటే వీపు మీద నూనె మరక పడుతుంది. రెండో పంపకానికల్లా ఆ ముక్క ఏదో అందరికీ గుర్తుండిపోతుంది. ప్లాస్టిక్‌ది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. బెంగళూరులో మామూలు స్టేషనరీ కొట్టుకెళ్లి "ఇస్పీట్ ఎలె" అని అడగండి, తీసిస్తారు.

కూర్చునే ముందు గది ఒకసారి చుట్టూ చూడండి. రాత్రిపూట లోపల లైటు వెలుగుతూ బయట చీకటిగా ఉంటే బాల్కనీ తలుపు గాజు అద్దంలా పనిచేస్తుంది. దానికి వీపు పెట్టి కూర్చున్నవాళ్ల ముక్కలు ఎదుటివాళ్లకి కనిపిస్తూనే ఉంటాయి. కర్టెన్ వేసేయండి. ఆపేసిన టీవీ తెర కూడా అంతే, దానిమీద దుప్పటి కప్పండి.

లెక్కకి చింతగింజలు వంద దాకా కావాలి. లేకపోతే క్యారం కాయిన్లు, చొక్కా గుండీలు, ఏవైనా ఫర్వాలేదు. రూపాయి నాణేలు మాత్రం వద్దు. ఉత్తుత్తినే పెట్టుకున్న నాణేలు పది గంటలయ్యేసరికి నిజం పందెంగా మారిపోతాయి. జూదానికి కర్ణాటక పోలీసు చట్టం, 1963లో శిక్షలున్నాయి. రమ్మీలో నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టు 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో చెప్పింది గానీ, అదే తీర్పులో మూడు ముక్కలాటని పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటగా లెక్కించింది. రమ్మీకి దొరికిన ఆ వెసులుబాటు మీ ఆటకీ ఉంటుందని అనుకోవద్దు. గింజలతోనే ఆడండి.

బ్లఫ్

అందరికీ ఎంతోకొంత తెలిసిన ఆట ఇదే. ఒక్కో ఊళ్లో, ఒక్కో హాస్టల్లో ఒక్కో రకంగా ఆడతారు కాబట్టి గొడవలు ఎక్కువ వచ్చేదీ దీంట్లోనే. మొదటి పంపకానికి ముందే కింది పద్ధతి అందరికీ వినిపించండి.

జోకర్లు తీసేయండి. ముక్కలన్నీ పంచేయాలి. నలుగురైతే తలా పదమూడు వస్తాయి. ఐదుగురైతే ఇద్దరికి పదకొండు, మిగతావాళ్లకి పది. రెండు కట్టలతో ఆరుగురికి పదిహేడేసి పోను రెండు మిగులుతాయి, అవి మొదటి ఇద్దరికి. ఎనమండుగురైతే మళ్లీ సరిగ్గా పదమూడేసి. ఒక ముక్క ఎక్కువొచ్చినా పెద్ద నష్టం లేదు, వాదించుకోకండి.

పంచినవాళ్ల ఎడమ పక్కవాళ్లు మొదలుపెడతారు. ఒకటి నుంచి నాలుగు ముక్కల వరకు బోర్లా వేసి, ఎన్ని వేశారో, ఏవి వేశారో పైకి చెప్పాలి: "మూడు రాణులు." అవి నిజంగా రాణులే కావచ్చు, రెండు రాణులు ఒక ఏడు కావచ్చు, మూడూ చెత్త కావచ్చు. తర్వాతివాళ్లు అదే పేరు మీద వేయాలి: "ఇంకో రెండు రాణులు." లేదా పాస్ అనాలి. పాస్ అన్నవాళ్లు తమ వంతు మళ్లీ వచ్చినప్పుడు కావాలంటే వేయొచ్చు. వరుసగా అందరూ పాస్ అంటే ఆ కుప్పని బోర్లాగానే పక్కకి నెట్టేయాలి, ఇక ఆ ముక్కలు ఆటలో లేవు. చివరగా వేసినవాళ్లు కొత్త పేరుతో మొదలుపెడతారు.

ఎవరైనా ముక్కలు వేయగానే, తర్వాతివాళ్లు వేసేలోపు లేదా పాస్ అనేలోపు, బల్ల చుట్టూ ఉన్న ఎవరైనా "బ్లఫ్" అనొచ్చు. ఇద్దరు ఒకేసారి అంటే వేసినవాళ్ల తర్వాత వరుసలో ముందు వచ్చేవాళ్లది చెల్లుతుంది. అప్పుడు ఆఖరున వేసిన ముక్కలు మాత్రమే తిప్పి చూడాలి, కుప్ప మొత్తం కాదు. అబద్ధమైతే వేసినవాళ్లు కుప్ప అంతా ఎత్తుకోవాలి. నిజమైతే పట్టుకోబోయినవాళ్లు ఎత్తుకోవాలి. ఆ తగువులో నెగ్గినవాళ్లు కొత్త రౌండు మొదలుపెడతారు.

ఇక్కడే ఒక చిక్కొస్తుంది. కుప్పలో పదిహేను ముక్కలున్నాయి, ఆఖరి మూడు ఏవి? ఎవరి చెయ్యో తగిలి అన్నీ కలిసిపోయాయి. దీనికి మందు సులువు: ఎవరు వేసినా తమ ముక్కలు కుప్ప మీద అడ్డంగా పెట్టాలి. తర్వాతివాళ్లు వేసేటప్పుడు ఆ అడ్డం ముక్కల్ని నిలువుగా సర్ది, తమవి అడ్డంగా పెడతారు. అడ్డంగా ఉన్నవే ఎప్పుడూ ఆఖరివి. వేసేటప్పుడు కొద్దిగా పరిచి పెట్టమనండి, సంఖ్య కనిపించాలి. మూడని చెప్పి నాలుగు జారవిడిచినట్టు తేలితే అది కూడా అబద్ధం కిందే లెక్క, ఆ మూడూ నిజం రాణులే అయినా సరే.

చేతిలో ఉన్నవన్నీ వేసేసి ముందు బయటపడినవాళ్లు గెలిచినట్టు. అయితే ఆఖరి ముక్కలు ఎవరూ పట్టుకోకపోయినా తప్పనిసరిగా తిప్పి చూపాలనే నియమం పెట్టుకోండి. అది లేకపోతే ఆఖరి రెండు ముక్కలు వేసేవాళ్లని ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుకోవాల్సి వస్తుంది, తప్పు పట్టిన పాపం ఎప్పుడూ పక్కన కూర్చున్నవాళ్ల మీదే పడుతుంది. ఈ నియమం ఉంటే మొదటి నుంచీ ఆట తీరే మారుతుంది: నిజం చెప్పి ముగించాలి కాబట్టి ఒక జోడీని చివరిదాకా దాచుకోవాలి, ఆ జోడీ పేరుతో రౌండు మొదలుపెట్టే అవకాశం సంపాదించాలి. ఆ అవకాశం రెండు రకాలుగానే వస్తుంది, తగువులో నెగ్గితే, లేదా అందరూ పాస్ అంటే. అందుకే చేతిలో నాలుగైదు ముక్కలు మిగిలినవాళ్లు ఎవర్నైనా పట్టుకోవడానికి ఎదురుచూస్తుంటారు. వాళ్ల ముందు అబద్ధం వేసేటప్పుడు జాగ్రత్త.

లెక్క పెట్టడం అలవాటు చేసుకుంటే చాలు, మొహాలు చదవడం తర్వాత వస్తుంది. ఒక కట్టతో ఆడుతున్నప్పుడు మీ దగ్గర మూడు ఏడులుంటే, ఎవరు "రెండు ఏడులు" అన్నా అబద్ధమే, ఎందుకంటే బయట ఒక్కటే ఉంది. మీ దగ్గర రెండే ఉండి, ముగ్గురు ఒక్కొక్కటి చొప్పున వేశారంటే ఎవరో ఒకరు అబద్ధమాడారు. కానీ అది మూడో మనిషే కానక్కర్లేదు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదే: లెక్క తప్పిందని తెలియగానే ఆఖరివాళ్ల మీద పడతారు, అవి నిజమై కుప్ప తమ నెత్తికెత్తుకుంటారు. ఇంకో సంగతి, పెద్ద కుప్ప ఎత్తుకోవడం అచ్చంగా నష్టమేమీ కాదు. రెండు పేర్లవి మూడేసి, నాలుగేసి ముక్కలు మీ దగ్గరికి చేరితే ఆ పేర్ల మీద ఇక ఎవరి అబద్ధమూ మీ దగ్గర సాగదు.

గింజల లెక్క ఇలా. అబద్ధమాడి దొరికితే ఒక గింజ. తప్పుగా పట్టుకున్నా ఒక గింజ. కుప్పలో పదిహేను ముక్కలు దాటి ఉంటే రెండు. మూడు గింజలు చేరినవాళ్లు చీటీ తీయాలి. ఈ రెండు తప్పులకీ శిక్ష సమానంగా ఉండటం ముఖ్యం. దొరికినవాళ్లకే డేర్ అంటే అబద్ధాలు ఆగిపోతాయి. తప్పుగా పట్టినవాళ్లకే డేర్ అంటే పట్టుకోవడం ఆగిపోయి, నోటికొచ్చినట్టు వేసేస్తారు.

ఒక పంపకం అయ్యాక ముక్కలు కలపడం మీద బద్ధకించకండి. పక్కకి నెట్టిన కుప్పల్లో రాణులన్నీ ఒకచోట, తొమ్మిదులన్నీ ఒకచోట ఉంటాయి. చేతిలోనే నాలుగుసార్లు పిసికి పంచితే ఒక్కరికే మూడు నాలుగు ఒకే పేరువి పడతాయి. యాభై రెండు ముక్కల కట్టని విడదీసి చిటపటలాడిస్తూ కలిపే పద్ధతిలో కనీసం ఏడుసార్లు కలపాలని గణిత శాస్త్రజ్ఞులు బేయర్, డయాకోనిస్ 1992లో లెక్క తేల్చారు. ఆ పద్ధతి చేతకానివాళ్లు ముక్కలన్నీ నేల మీద బోర్లా పరిచి, రెండు అరచేతులతో ఒక నిమిషం కలియబెట్టి ఎత్తితే సరిపోతుంది.

దాటింపు

డేర్లకి అన్నిటికంటే బాగా నప్పే ఆట ఇది. దీంట్లో గెలిచేవాళ్లు లేరు, ఓడేవాళ్లు ఒక్కరే. ఒక ఆటకి ఒక చీటీ, గింజలతో పనే లేదు. జర్మనీలో దీన్ని బొద్దింకలు, ఈగలు లాంటి ఎనిమిది రకాల పురుగూ పుట్రా బొమ్మలతో 64 ముక్కల కట్టగా అమ్ముతారు. మామూలు పేకతో కూడా అచ్చంగా కుదురుతుంది: రెండు కట్టలు కలిపి తొమ్మిది, పది, జాకీ, రాణి, రాజు తీసేయండి. ఆసు నుంచి ఎనిమిది దాకా ఎనిమిది పేర్లు, ఒక్కో పేరువి ఎనిమిది ముక్కలు, మొత్తం 64. ముగ్గురి నుంచి ఆరుగురి వరకు ఆడొచ్చు. అన్నీ పంచేయండి.

మొదటి మనిషి ఒక ముక్కని తన ఇష్టం వచ్చినవాళ్ల ముందు బోర్లా జరిపి ఏదో ఒక పేరు చెబుతారు: "ఇది ఐదు." అందుకున్నవాళ్లు రెండిట్లో ఒకటి చేయాలి. ముక్క చూడకుండా "నిజం" అనో "అబద్ధం" అనో తేల్చి తిప్పాలి. సరిగ్గా చెబితే ఆ ముక్క ఇచ్చినవాళ్ల ముందు వెల్లకిలా పడుతుంది, తప్పితే చెప్పినవాళ్ల ముందు. లేదా తేల్చకుండా ముక్కని తాము మాత్రమే చూసి, ఇంకా చూడని మరొకరికి దాటించాలి. దాటించేటప్పుడు అదే పేరు చెప్పొచ్చు, మార్చి చెప్పొచ్చు. అందరూ చూసేసి ఆఖరి మనిషి మిగిలితే వాళ్లకి దాటించే వీలుండదు, తేల్చాల్సిందే. ముక్క ఎవరి ముందు పడిందో వాళ్లే తర్వాత మొదలుపెడతారు.

ఒకే పేరువి నాలుగు ముక్కలు ముందు చేరినవాళ్లు ఓడినట్టు. మొదలుపెట్టాల్సిన వంతు వచ్చి చేతిలో ముక్క లేకపోయినా ఓడినట్టే.

ఈ ఆటలో చాలామందికి తట్టని ఒక రక్షణ ఉంది. మీ ముందు మూడు ఐదులున్నాయి, నాలుగోది వస్తే ఓటమి. ఎవరో ముక్క జరిపి "ఐదు" అన్నారు. ఇక్కడ "నిజం" అనడమే మేలు. నిజంగా ఐదైతే అది ఇచ్చినవాళ్లకే పోతుంది. కాకపోతే మీకు వచ్చేది ఇంకేదో ముక్క, ఐదు మాత్రం కాదు. అదే ముక్క జరిపి "రెండు" అన్నారనుకోండి, "అబద్ధం" అనండి. లోపల ఐదుంటే వాళ్లకే తిరిగిపోతుంది, రెండే ఉంటే మీకు ఒక రెండు చేరుతుంది, అంతే. ఇలా ఆడేవాళ్లని ఐదుతో ఓడించడం ఎవరివల్లా కాదు. మరి వాళ్లని ఎలా పడగొట్టాలి? రెండో పేరువి కూడా మూడు చేర్చాలి. మూడు ఐదులు, మూడు రెండ్లు ముందున్న మనిషికి "రెండు" అని ముక్క జరిపితే నిజమన్నా ప్రమాదమే, అబద్ధమన్నా ప్రమాదమే. అక్కడి నుంచి గొంతు, కళ్లు, చెయ్యి వణకడం తప్ప ఇంకేమీ అక్కరకు రావు.

ముగ్గురే ఆడుతుంటే, పంచేముందు పది ముక్కలు చూడకుండా పక్కన పెట్టేయండి. లేకపోతే లెక్కలు వేసేవాళ్లకి బయట ఏమున్నాయో తెలిసిపోతుంది.

నుదుటి ముక్క

మాటలు కరువైనప్పుడు, కొత్తవాళ్లు బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు దీంతో మొదలుపెట్టడం మంచిది. ఒక కట్ట, తలా పది గింజలు. ప్రతి ఒక్కరూ ఒక ముక్క తీసుకుని, తాము చూడకుండా, నుదుటికి ఆనించి ఎదుటివాళ్లకి కనిపించేలా పట్టుకోవాలి. మీది తప్ప అందరివీ మీకు కనిపిస్తాయి. తలా ఒక గింజ మధ్యలో వేశాక, వరుసగా ఒక్కొక్కరు ఒకటి నుంచి మూడు గింజలు పెంచొచ్చు, లేదా డ్రాప్ అని తప్పుకోవచ్చు. ఉండదలచినవాళ్లు ముందువాళ్లు పెట్టినంతా పెట్టాలి. రెండు చుట్లతో ఆపేసి ముక్కలు దింపండి. ఆసు అన్నిటికంటే పెద్దది. పెద్ద ముక్కకి గింజలన్నీ. ఇద్దరికి సమానమైతే చెరిసగం.

ఒక అదనపు నియమం దీనికి ప్రాణం: నుదుట ఆసో రాజో పెట్టుకుని డ్రాప్ అన్నవాళ్లు ఇంకో రెండు గింజలు మధ్యలో వేయాలి. ఇది ఉంటేనే మిగతావాళ్లు ఆసు పెట్టుకున్న మనిషిని చూసి జాలిపడుతున్నట్టు నటిస్తారు.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఆరుగురు ఆడుతున్నారు, మీకు కనిపించే ఐదు ముక్కల్లో పెద్దది తొమ్మిది. మీది 47 ముక్కల్లో ఏదో ఒకటి. అందులో తొమ్మిదికి మించినవి 20. అంటే ఒంటరిగా గెలిచే అవకాశం 43 శాతం. సగానికి తక్కువే గానీ గింజలు ఆరుగురివీ వస్తాయి, కాబట్టి ఉండొచ్చు. రాజు ఎదురుగా కనిపిస్తే మాత్రం డ్రాప్ అనేయండి, ఆ రాజుని కూడా డ్రాప్ అనిపించగలననే ధైర్యం ఉంటే తప్ప. ఎనిమిది పంపకాలయ్యాక అతి తక్కువ గింజలున్నవాళ్లు ఒక చీటీ తీస్తారు.

మూడు ముక్కలాట గురించి కొంచెమే

డేర్లతో కలపడానికి ఇది నాసిరకం. బ్లైండ్ ఆడేవాళ్లు తమ ముక్కలే చూడరు, ఓడినప్పుడు తప్పు చేశామన్న భావన రాదు, డేర్ అన్యాయంగా అనిపిస్తుంది. అయినా ఎవరో ఒకరు అడుగుతారు. తలా ఇరవై గింజలు, బూట్ (ఆట మొదట్లో అందరూ మధ్యలో వేసేది) ఒక గింజ, చూసి ఆడేవాళ్లు బ్లైండ్ వాళ్లకి రెట్టింపు వేయాలి. ఇద్దరే మిగిలాక షో (ముక్కలు తెరిచి పోల్చడం) అడగొచ్చు, సమానమైతే షో అడిగినవాళ్లు ఓడినట్టు. వరుస పెద్ద నుంచి చిన్నకి: ట్రయల్ (ఒకే పేరువి మూడు), ప్యూర్ సీక్వెన్స్ (ఒకే గుర్తువి వరుసగా మూడు), సీక్వెన్స్ (వరుసగా మూడు, గుర్తులు వేరైనా), కలర్ (ఒకే గుర్తువి మూడు), జోడీ, పెద్ద ముక్క. సాధ్యమయ్యే 22,100 చేతుల్లో ట్రయల్‌లు 52, ప్యూర్ సీక్వెన్స్‌లు 48. అంటే అరుదైనది ప్యూర్ సీక్వెన్సే అయినా ఆనవాయితీ ట్రయల్‌దే పైచేయి అంటుంది. జోడీ కూడా లేని చేతులు 16,440, అంటే నాలుగింట దాదాపు మూడు. చేతిలో ఏమీ లేదని దిగులుపడకండి, ఎదుటివాళ్లకీ చాలావరకు అంతే. ఒకరి గింజలు అయిపోగానే ఆపి చీటీ తీయించండి.

డేర్ చీటీలు

ఒక ఏ4 కాగితం నాలుగుసార్లు మడిచి చింపితే పదహారు చీటీలొస్తాయి. తలా నాలుగు రాయాలి. అందరికీ ఒకే రంగు పెన్ను, ఒకే రకం మడత. ఆటకి ముందు ఒక్కరు అన్నీ చదివి తగనివి తీసేయాలి. ఎవరిది తీసేశారో పైకి చెప్పకూడదు. మిగిలినవాటిలో తేలికవాటి మీద ఒక చుక్క, కష్టమైనవాటి మీద రెండు చుక్కలు పెట్టి రెండు గిన్నెల్లో వేయండి. మూడింట రెండొంతులు ఒక చుక్కవే ఉండాలి.

మూడు గింజలు చేరినవాళ్లు ఒక చుక్క చీటీ తీస్తే ఆ మూడూ చెల్లిపోతాయి. రెండు చుక్కలది తీస్తే ఐదు చెల్లుతాయి, అంటే రాబోయే రెండు అబద్ధాలకి ముందే చెల్లించేసినట్టు. ఏది తీయాలో వాళ్లిష్టం. దాంతో కష్టమైన డేర్ శిక్షగా కాకుండా అవకాశంగా మారుతుంది, దాన్ని తీసినవాళ్లు తర్వాత విచ్చలవిడిగా అబద్ధాలాడతారు, ఆటకి ఊపొస్తుంది.

మంచి డేర్ రెండు నిమిషాల్లో, ఆ గదిలోనే, అక్కడున్నవాళ్లతోనే అయిపోవాలి. కొన్ని నమూనాలు:

- "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకి ఒక భక్ష్యం లక్ష్యమా" తడబడకుండా మూడుసార్లు.
- వేమన పద్యం ఒకటి టీవీ వార్తలు చదివినట్టు.
- సొంత ఫోన్‌ని తోపుడుబండి మీద టమాటాల్లా కేకేస్తూ నిమిషంలో అమ్మాలి.
- బెంగళూరు బీఎంటీసీ సిటీ బస్సు కండక్టర్‌లా సిల్క్ బోర్డు, బొమ్మనహళ్లి, కూడ్లు గేట్, ఎలక్ట్రానిక్ సిటీ అంటూ గది మొత్తం తిరిగి టికెట్లు కొట్టాలి.
- రెండు చుక్కలది: వచ్చే మూడు పంపకాల దాకా ఆట మాటలు తప్ప ఒక్క ఇంగ్లిష్ మాట వాడకూడదు, వాడిన ప్రతిసారీ ఒక గింజ. ఐటీ ఉద్యోగులకి ఇంతకంటే కష్టమైనది దొరకదు.
- రెండు చుక్కలది: మొదటిసారి మనసు పారేసుకున్న కథ, పేరూ ఊరూ చెప్పకుండా.

రాయకూడనివి ఖచ్చితంగా చెప్పుకోండి. ఫోన్ చేయించడం, మెసేజ్ పెట్టించడం, డెలివరీకి వచ్చిన కుర్రాడినో గేటు దగ్గర సెక్యూరిటీనో లాగడం వద్దు. వాళ్లు మీ ఆటకి ఒప్పుకోలేదు. బట్టలు తీయడం, ముట్టుకోవడం, బాల్కనీ గోడ ఎక్కడం, పచ్చిమిరపకాయలు తినడం వద్దు. మందు ఎప్పుడూ డేర్ కాకూడదు, తాగేవాళ్లు తమంతట తాము తాగుతారు. బండి మీద వెళ్లాల్సినవాళ్లకి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మాత్రమే. ఇక ప్రశ్నల్లో జీతం, కులం, పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు, ఒంటి రంగు, బరువు రాకూడదు. మన గుంపుల్లో నవ్వుతూ అడిగేసే ఈ ప్రశ్నలే తర్వాత నెలల తరబడి గుచ్చుకుంటాయి. మేనేజరూ ఆయన టీమ్‌లో పనిచేసేవాళ్లూ ఒకే బల్ల దగ్గరుంటే నిజం చెప్పించే చీటీలన్నీ తీసేయండి, చేసేవి మాత్రమే ఉంచండి. భార్యాభర్తలిద్దరూ ఉంటే ఒకరి గురించి ఇంకొకరిని అడిగే చీటీ వద్దు.

ఎవరికైనా చీటీ నచ్చకపోతే "చాలు" అంటే చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు, బతిమాలకూడదు. ఆ చీటీ చింపేసి, బదులుగా అందరికీ టీ పెట్టడమో, తర్వాతి రెండు పంపకాలకి ముక్కలు కలిపి పంచడమో చేస్తారు. మూడు గింజలూ చెల్లినట్టే. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించండి. వీడియో తీస్తారేమోనన్న అనుమానం ఉన్నంతసేపూ ఎవరూ మనసు విప్పి ఆడలేరు.

రాత్రి పది దాటాక

శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా, ఇళ్లున్న చోట హద్దు 45 డెసిబెల్‌లు. ఆరుగురు కలిసి "బ్లఫ్" అని అరిస్తే అది ఎప్పుడో దాటిపోతుంది, పక్క ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్ గ్రూపులో రాసేస్తారు. పది కొట్టగానే అరుపు మానేసి, పట్టుకునేవాళ్లు బల్ల మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టాలని మార్చుకోండి. పాస్‌కి ఒకసారి తట్టడం. కండక్టర్ చీటీ, టమాటాల చీటీ లాంటివి అప్పటికి గిన్నెలోంచి తీసేయాలి. దాటింపు నిశ్శబ్దంగా ఆడుకునే ఆట, కాబట్టి దాన్ని చివరికి ఉంచుకోవడం తెలివైన పని. మెట్రోలో వెళ్లేవాళ్లుంటే ఆఖరి బండి సమయం ముందే చూసి, దానికి నలభై నిమిషాల ముందు కొత్త పంపకం మొదలుపెట్టకండి.

ఆపేసే సమయానికి ఒకటో రెండో గింజలు మిగిలినవాళ్లకి డేర్ ఉండదు, గ్లాసులు వాళ్లు కడుగుతారు. వాడినవీ వాడనివీ చీటీలన్నీ చింపేయండి. కట్టల్ని డబ్బాలో పెట్టేముందు లెక్కపెట్టండి, ఒక్కోదానికి 52. ఒకటి తగ్గితే ముందు సోఫా దిండ్ల కింద, తర్వాత నుదుటి ముక్క ఆడినవాళ్లు కూర్చున్న చోట వెతకండి. దొరక్కపోతే జోకర్ ముందు వైపు ఆ ముక్క పేరు రాసి వాడుకోవచ్చు, వీపు అదే డిజైన్ కాబట్టి ఆటకి ఏ లోటూ రాదు.